నాన్నకి గాల్ బ్లాడర్ ఆపరేషన్, ఫెంటనిల్ ఇస్తామన్నారు. క్రియాటినిన్ 2.3 ఉంది. ఇప్పించుకోవచ్చా?

కవిటి కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది కవిటి దగ్గర పల్లె. ఉద్దానం అంటే ఇక విడమర్చి చెప్పక్కర్లేదు కదా, మా వీధిలో ఇంటికో కిడ్నీ ఫైలు ఉంటుంది, ప్లాస్టిక్ కవర్లో చుట్టి దేవుడి గూట్లో పెట్టుకుంటారు. నాన్నకి 58. కొబ్బరి తోట పని. క్రియాటినిన్ (కిడ్నీ పనితనం చెప్పే రక్తపరీక్ష, పెరిగితే చెడ్డ) రెండేళ్లుగా 2.3 దగ్గరే ఆడుతోంది, డయాలసిస్ దాకా వెళ్లలేదు. ఇప్పుడు కొత్తగా పిత్తాశయంలో రాళ్లు. రాత్రి భోజనం అయ్యాక కుడిపక్క డొక్కలో పట్టేసి తెల్లారేదాకా మంచం మీద ముడుచుకుని కూర్చోవడం ఇప్పటికి మూడుసార్లు అయ్యింది. శ్రీకాకుళంలో చూపిస్తే లాప్రోస్కోపీ (చిన్న బొక్కలతో చేసే ఆపరేషన్) చేసేద్దాం, గురువారం రమ్మన్నారు.

నిన్న మత్తు డాక్టర్ గారి దగ్గరికి పంపారు. నోరు తెరవమన్నారు, మెడ వెనక్కి వంచమన్నారు, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుందా అని అడిగారు, చివర్లో "కిడ్నీ ఉంది కాబట్టి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఇవ్వం, ఫెంటనిల్ మీద నడిపిస్తాం" అనేసి తర్వాతి పేషెంట్‌ని పిలిచారు. బయట ఇంకా ఇరవై మంది ఉన్నారు, నేనూ లేచి వచ్చేశాను. బస్సెక్కి నరసన్నపేట దాటాక ఆ పేరు ఫోన్లో కొట్టాను. అంతే, టెక్కలి వచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. అమెరికాలో దాంతోనే వేలమంది చనిపోతున్నారని, హెరాయిన్ కంటే ఘోరమని, పోలీసులు మూటలు పట్టుకున్న ఫోటోలు. ఇదే మందా? ఇంటికి వచ్చి అమ్మకి చెప్పడం నా బుద్ధితక్కువ. "ఆ మత్తు ఎట్టొద్దని సెప్పు బాబూ, అలవాటైపోతే ఏటి సేస్తాం" అని పొద్దుట్నుంచి ఒకటే గోల.

నా ప్రశ్న ఏంటంటే, ట్రమడాల్ లాంటి మామూలు ఇంజెక్షన్‌తో కానివ్వరా? కిడ్నీ ఉన్నవాళ్లకి ఇది ఇంకా చెడ్డదా? తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

ఓటీ సిస్టర్:

తమ్ముడూ, నేను విజయనగరంలో ఆపరేషన్ థియేటర్ నర్సుని, 14 ఏళ్లుగా ఇదే పని. నువ్వు ఫోన్లో చూసిందీ మేం వాడేదీ పేరుకి ఒకటే, వాడే తీరు వేరు. మా దగ్గర అది 2 మిల్లీలీటర్ల చిన్న గాజు ఆంపుల్, చూపుడు వేలి చివరంత ఉంటుంది, లోపల నీళ్లలా ఉంటుంది, అందులో మందు 100 మైక్రోగ్రాములు. మైక్రోగ్రామ్ అంటే మిల్లీగ్రాములో వెయ్యోవంతు. తూకం వేస్తే రెండు సన్న ఉప్పు రవ్వలంత ఉంటుందేమో.

దానికి మేం చేసే కాపలా చూస్తే మీ అమ్మగారు నవ్వుతారు. బీరువాలో బీరువా, రెండు తాళాలు, రెండు తాళంచెవులు ఇద్దరి దగ్గర. ఎవరికి, ఎన్ని గంటలకి, ఎంత ఇచ్చాం అన్నీ రిజిస్టర్లో రాయాలి. ఖాళీ ఆంపుల్ తిరిగిస్తేనే లెక్క సరిపోతుంది. సగం వాడి సగం మిగిలితే ఇంకొకరి ఎదురుగా పారబోసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒకసారి నైట్ డ్యూటీలో నా చేతిలోంచి ఒకటి జారి పగిలిపోయింది. నిండుది. మందు నేలపాలు, నా ప్రాణం గాల్లో. టేబుల్ కిందకి దూరి, ఫోన్ లైట్ వేసి, గాజుముక్కలన్నీ ఏరి కవర్లో పెట్టి, డాక్టర్ గారు, వార్డుబాయ్, నేను ముగ్గురం సంతకాలు పెడితే గానీ ఆ రాత్రి గడవలేదు. బంగారం పోయినా ఇంత వెతకం.

మీ నాన్నగారికి ఇచ్చేది బహుశా ఒక ఆంపులు, అటూ ఇటూగా. మందు లోపలికి వెళ్లగానే ఒక్కోసారి పొడిదగ్గు వస్తుంది, రెండుసార్లు దగ్గి ఊరుకుంటారు. గబగబా తోస్తే ఎక్కువ వస్తుంది, అందుకే మెల్లగా ఇస్తాం. ఆ దగ్గు చూసి కంగారు పడకండి అని నేను పేషెంట్లకి ముందే చెప్పేస్తాను.

అమెరికా బావమరిది:

సారీ బ్రో, నేను ఒప్పుకోను. మా బావ న్యూజెర్సీలో ఉంటాడు, అక్కడ ఫెంటనిల్ అంటేనే జనం వణుకుతారట. ముట్టుకుంటే పోతారంట. వద్దని రాసి సంతకం పెట్టి ఇచ్చెయ్, అప్పుడు వేరేది ఇస్తారు. మీ నాన్న ప్రాణం కంటే ఎక్కువా?

రాజాం మత్తుడాక్టర్:

ముట్టుకుంటే పోవడం అబద్ధం, ముందు అది తీసి పక్కన పెడదాం. ఆంపుల్ విరిచేటప్పుడు నా వేళ్ల మీద ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. చేయి కడుక్కుని పని చేసుకుంటాం.

కుర్రాడూ, నేను మీ డాక్టర్ని కాదు, మీ నాన్నగారి రిపోర్టులు చూడలేదు, కాబట్టి ఇది వైద్యం కాదు, వివరం అనుకో. కానీ నువ్వు చెప్పినదాన్ని బట్టి మీ మత్తు డాక్టర్ ఆలోచించే అన్నారు.

ఆపరేషన్‌లో మత్తు అని మనం ఒకే మాట వాడతాం గానీ అందులో మూడు పనులున్నాయి. నిద్రపుచ్చడం ఒకటి. దానికి పాలలా తెల్లగా ఉండే ప్రొపొఫాల్, తర్వాత గ్యాసు. కండరాలు వదులు చేయడం ఇంకొకటి, కిడ్నీ పేషెంట్లకి దానికి అట్రాక్యూరియం వాడటం మా అలవాటు, ఎందుకంటే అది మూత్రం కోసం ఎదురుచూడకుండా రక్తంలోనే తనంతట తాను విడిపోతుంది. మూడోది నొప్పి. ఇక్కడే జనం పొరబడతారు, నిద్రపోయాక నొప్పి ఎక్కడిది అంటారు. మనిషికి తెలియదు, ఒంటికి తెలుస్తుంది. గొంతులో ఊపిరి గొట్టం దింపేటప్పుడు బీపీ, గుండె వేగం ఒక్కసారిగా ఎగబాకుతాయి, మానిటర్ మీద కళ్లారా చూస్తాం. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి ఆ కుదుపు అక్కర్లేదు. గొట్టానికి మూడు నాలుగు నిమిషాల ముందు ఫెంటనిల్ ఇస్తే ఆ ఎగబాకడం అణుగుతుంది. ఒక డోసు పనితనం అరగంట నుంచి గంట. మార్ఫిన్ అనే పాత నొప్పి మందు కంటే సుమారు వంద రెట్లు ఘాటు అని నువ్వు చదివే ఉంటావు. నిజమే. అందుకే మార్ఫిన్ 10 మిల్లీగ్రాములు ఇచ్చే చోట ఇది 100 మైక్రోగ్రాములే ఇస్తాం. ఘాటు ఎక్కువైతే తక్కువ వేస్తాం, గుంటూరు కారానికీ మామూలు కారానికీ చెంచా ఒకటే వాడతామా?

ఇక నీ అసలు ప్రశ్న, కిడ్నీ. మార్ఫిన్ ఇచ్చామనుకో, లివర్ దాన్ని ఇంకో పదార్థంగా మారుస్తుంది, ఆ పదార్థం మార్ఫిన్ కంటే తక్కువదేమీ కాదు, అది మూత్రంలోనే బయటికి పోవాలి. కిడ్నీ సరిగా పని చేయకపోతే పోదు, పేరుకుంటుంది. ఆపరేషన్ బాగా జరిగి, రాత్రి బాగా మాట్లాడి, మర్నాటికి లేపితే లేవకుండా ఊపిరి మందగించిన పేషెంట్ కథలు ప్రతి మత్తు డాక్టర్ దగ్గరా ఒకటైనా ఉంటాయి. పెథిడిన్ అనే ఇంకో నొప్పి ఇంజెక్షన్ ఇంకా అన్యాయం, దాని వ్యర్థం పేరుకుంటే ఫిట్స్ వస్తాయి. నువ్వు మామూలుది అనుకుంటున్న ట్రమడాల్ కూడా అంతే, కిడ్నీ నెమ్మదిగా ఉన్నవాళ్లలో అది ఒంట్లోనే తిష్ఠ వేస్తుంది, వాంతులు, ఒక్కోసారి ఫిట్స్. ఫెంటనిల్‌ని లివర్ విరగ్గొడితే వచ్చే ముక్కలకి పస లేదు. పేరుకున్నా పెద్దగా చేసేదేమీ ఉండదు. ఈ కుటుంబంలోనే రెమిఫెంటనిల్ అని ఇంకొకటి ఉంది, దానికి లివరూ అక్కర్లేదు కిడ్నీ అక్కర్లేదు, రక్తంలో, కండరాల్లో ఉన్న ఎంజైములే నమిలేస్తాయి, డ్రిప్ ఆపిన కొన్ని నిమిషాలకే ఖతం. అయితే అంత తొందరగా పోవడంతో నొప్పి కూడా అంతే తొందరగా వచ్చి కూర్చుంటుంది.

ఇది నిన్న మొన్న వచ్చిన మందు కాదు. 1960లో బెల్జియంలో పాల్ జాన్సెన్ బృందం తయారు చేసింది, అప్పట్నుంచి థియేటర్లలో ఉంది. మన గసగసాల కాయ పాల నుంచి వచ్చే నల్లమందు, దాంట్లోంచి తీసిన మార్ఫిన్, వీటి వరసే గానీ ఇది మాత్రం పూర్తిగా ల్యాబులో చేసిందే.

అమెరికాలో చంపుతున్నది ఎక్కువగా దొంగతనంగా తయారయ్యే పొడి. దాన్ని హెరాయిన్లో కలుపుతారు, నకిలీ మాత్రలుగా అచ్చు గుద్దుతారు, ఏ మాత్రలో ఎంత ఉందో అమ్మేవాడికీ తెలియదు. ఊపిరి నెమ్మదించి ఆగిపోతే పక్కన ఎవరూ ఉండరు. ఈ మందు ఊపిరిని ఆపగలదు, అది నేను దాచను. కానీ థియేటర్లో ఎలాగూ గొట్టం వేసి మిషన్‌తో మేమే ఊపిరి ఇస్తున్నాం, ఆగితే ఏంటి? నాకు భయం థియేటర్లో కాదు, ఆ తర్వాత. గొట్టం తీసేసి, అందరూ హమ్మయ్య అనుకుని, వార్డుకి తోసేశాక మొదటి కొన్ని గంటలు. నువ్వు అడగాల్సింది అక్కడ. రికవరీలో ఎంతసేపు ఉంచుతారు, రాత్రి వేలికి ఆక్సిజన్ క్లిప్ ఉంచుతారా, నాలాక్సోన్ ఉందా. నాలాక్సోన్ దీనికి విరుగుడు, నరంలోకి ఇస్తే ఒకటి రెండు నిమిషాల్లో మనిషి కళ్లు తెరుస్తాడు, కాకపోతే దాని పనితనం గంటా గంటన్నర లోపే, అది ఇచ్చాక కూడా కనిపెట్టుకుని ఉండాలి.

అమ్మకి చెప్పు, ఆపరేషన్లో ఇచ్చిన నాలుగు డోసులతో ఎవరూ బానిసలైపోరు. వారాల తరబడి రోజూ వాడటం వేరే సంగతి.

ఒక్కటి చెప్పు. నాన్నగారు గురక పెడతారా? తాగుడు అలవాటుందా? ఇంట్లో ఏమేం మాత్రలు వేసుకుంటారు, అన్నీ రాయి. నిద్ర బిళ్ళలు, నరాల బిళ్ళలు, అన్నీ.

కవిటి కుర్రాడు:

థాంక్యూ సార్, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. గురక అంటే, పక్క గదిలోకి వినిపిస్తుంది. మధ్యలో ఆగి, మళ్లీ ఒక్కసారి గట్టిగా లాగుతారు. తాగుడు పండగలకి తప్ప లేదు. మాత్రలు బీపీది ఒకటి, రాత్రి పడుకునేటప్పుడు కాళ్లు మంటలకి ప్రీగాబాలిన్. ఇంకా మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో ఇస్తారు, చీటీ లేదు, రేకు మీద పేరు చూశాను, డైక్లోఫెనాక్ ప్లస్ పారాసెటమాల్ అని ఉంది. చెట్టెక్కే రోజుల్లో రెండు వేసుకుంటారు. ఇది మత్తు డాక్టర్‌కి చెప్పలేదు, ఎందుకంటే నొప్పి బిళ్ళ కూడా మందు అని మాకు ఎప్పుడూ అనిపించలేదు. ఆ బిళ్ళలు మొదలెట్టి నాలుగైదేళ్లు అయి ఉంటుంది.

రాజాం మత్తుడాక్టర్:

ఇప్పుడు నాకు నిజంగా కోపం వస్తోంది, నీ మీద కాదు. ఫెంటనిల్ పేరు చూసి చొక్కా తడిసింది, రోజూ జేబులో ఉన్న రేకు చూసి ఎవరి చొక్కా తడవలేదు. క్రియాటినిన్ 2.3 ఉన్న మనిషి చెట్టెక్కిన ప్రతిసారీ డైక్లోఫెనాక్. కిడ్నీలోకి రక్తం వెళ్లే దారిని తెరిచి ఉంచే పదార్థాలనే అది ఆపేస్తుంది. బాగున్న కిడ్నీ తట్టుకుంటుంది. మీ నాన్నది తట్టుకోదు. ఉద్దానంలో అసలు కారణం నీళ్లా, ఎండలో పనా, మరొకటా అని పెద్ద పెద్ద వాళ్లే ఇంకా వెతుకుతున్నారు, నేను తేల్చేవాడిని కాదు, కానీ దెబ్బతిన్న కిడ్నీ మీద ఈ బిళ్ళలు వేస్తే ఏమవుతుందో మాత్రం వెతకక్కర్లేదు.

రేపు పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేసి మూడు సంగతులు చెప్పు. ఈ నొప్పి బిళ్ళ సంగతి, అవసరమైతే క్రియాటినిన్ మళ్లీ చూస్తారు. ప్రీగాబాలిన్ సంగతి, అది కిడ్నీ ద్వారానే పోవాలి, ఒంట్లో నిలవుండి ఫెంటనిల్‌తో కలిస్తే ఊపిరి ఇంకా మందగిస్తుంది. దాన్ని నీ అంతట నువ్వు ఆపకు, వాళ్లే చెప్తారు. మూడోది ఆ గురక, మధ్యలో ఆగుతుంది అన్నావు చూడు, ఆ మాట యథాతథంగా చెప్పు. నువ్వు ఇక్కడ రాసిన రెండు వాక్యాలు నాకు ఈసీజీ కంటే ఎక్కువ చెప్పాయి.

కోట జంక్షన్:

డాక్టర్ గారు చెప్పింది కరెక్టే, నాది వేరే గోడు, ఉండబట్టలేక రాస్తున్నాను. నాకు నెల్లిమర్ల రోడ్డులో బండి జారి తొడ ఎముక విరిగింది. మొదట చేర్పించిన నర్సింగ్ హోమ్‌లో నొప్పికి ఎనిమిది గంటలకో ఇంజెక్షన్, అది నాలుగు గంటలకే అయిపోయేది, మిగతా నాలుగు గంటలు గోడ గడియారం చూసుకుంటూ పడుకోవడమే. ఇంకేదైనా గట్టిది ఇవ్వండి అంటే మా దగ్గర మార్ఫిన్ ఉండదండీ, లైసెన్స్ గొడవ అన్నారు. నన్నే అలవాటుపడిన వాణ్ని చూసినట్టు చూశారు, అది ఇంకా మండింది.

తర్వాత విశాఖకి మార్చారు, అక్కడ ఆపరేషన్ అయ్యాక చేతికి ఒక బటన్ ఇచ్చారు. మంచం పక్కన పంపు, అందులో మార్ఫిన్, నొప్పి వస్తే నేనే నొక్కుకోవాలి. నొక్కితే కొంచెం వెళ్తుంది, తర్వాత కొన్ని నిమిషాలు ఎంత నొక్కినా రాదు, తాళం పడుతుంది. మొదటి రోజు భయంతో నొక్కలేదు, సిస్టర్ తిట్టింది. రెండో రోజు నేను నిద్రలో మూలుగుతుంటే మా ఆవిడ జాలిపడి తను నొక్కబోయింది, ఆ సిస్టర్ ఎక్కడినుంచి వచ్చిందో గానీ వచ్చి చెయ్యి పట్టేసుకుంది. "నిద్రపోతున్న మనిషికి మీరు నొక్కకూడదమ్మా, మెలకువ ఉండి ఆయనే నొక్కాలి, మత్తు ఎక్కువైతే చెయ్యి లేవదు, అదే రక్షణ" అంది. అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు.

దురద మాత్రం చెప్పుకోలేను బాబూ, ముక్కు, బుగ్గలు. మూత్రం రాక గొట్టం వేశారు. నాలుగు రోజులు విరేచనం లేదు, అరటిపండ్లతో ఏమీ కాలేదు, మందే వేయాల్సి వచ్చింది. అయినా మళ్లీ విరిగితే ఆ బటనే కావాలంటాను.

ఓటీ సిస్టర్:

అన్నయ్యా, మొదటి నర్సింగ్ హోమ్ వాళ్ల తప్పు పూర్తిగా కాదు. 1985లో మత్తు పదార్థాల చట్టం వచ్చాక ఒక్క మార్ఫిన్ ఆంపుల్ ఉంచాలన్నా నాలుగైదు రకాల అనుమతులు తెచ్చుకోవాల్సి వచ్చేది, చిన్నవాళ్లు ఎవరు పడతారు ఆ తిరుగుడు? 2014లో చట్టం మార్చి మార్ఫిన్, ఫెంటనిల్ సహా ఆరు మందులకి ఒకే అనుమతి చాలన్నారు. అయినా పాత భయం పోలేదు, ట్రమడాల్, బ్యూటార్ఫనాల్ లాంటి వేరే నొప్పి ఇంజెక్షన్లతో సర్దేసే చోట్లు ఇంకా బోలెడు. మన దేశంలోనే ప్రభుత్వం లెక్కకట్టి నల్లమందు పండిస్తుంది, మధ్యప్రదేశ్, రాజస్థాన్, యూపీలో. మన క్యాన్సర్ ముసలమ్మలకి మాత్రం ఒక మార్ఫిన్ బిళ్ళ కోసం విశాఖ బస్సు ఎక్కాలి. అది తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

అమెరికా బావమరిది:

సరే, నేను తొందరపడ్డాను. బావకి ఈ లింక్ పంపాను.

కవిటి కుర్రాడు:

అప్‌డేట్. గురువారం కావాల్సింది శనివారం అయ్యింది. ఫోన్ చేసి ఆ మూడు సంగతులు చెప్పగానే మళ్లీ రక్తపరీక్ష చేయించారు, 2.6 వచ్చింది. సెలైన్ పెట్టి రెండు రోజులు ఆగి, కిడ్నీ డాక్టర్‌తో మాట్లాడి, అప్పుడు చేశారు. మత్తు డాక్టర్ గారు ఈసారి పది నిమిషాలు కూర్చున్నారు. గురక సంగతి చెప్తే ఆయనే సెల్ తీసి పక్కన పెట్టి మళ్లీ చెప్పమన్నారు. ఫెంటనిల్ తక్కువలోనే ఇచ్చారట, కోసిన బొక్కల దగ్గర తిమ్మిరి మందు వేశారు, పారాసెటమాల్ డ్రిప్ ఇచ్చారు. మొదటి రాత్రి ఐసీయూలో తల ఎత్తుగా పెట్టి వేలికి క్లిప్ పెట్టి ఉంచారు, ఆక్సిజన్ 90 కిందకి పడినప్పుడల్లా అది కూసేది, సిస్టర్ వచ్చి "పెద్దాయనా, గట్టిగా ఊపిరి తీసుకో" అని భుజం తట్టేది. రెండుసార్లు జరిగింది. ఇంట్లో అయితే మేం గురక అనుకుని నిద్రపోయేవాళ్లం.

నాన్న లేచాక అడిగిన మొదటి మాట "ఆపరేషన్ అయిపోనాదేట్రా, ఇంకా మొదలెట్టలేదనుకున్నాను". సాయంత్రమంతా ముక్కు గోక్కుంటూనే ఉన్నారు, అమ్మ దిష్టి అనుకుని ఉప్పు తిప్పింది, నేను ఆపలేదు.

నిన్న ఇంటికి వచ్చాం. చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో ఆ రేకు ఉంది, నాలుగు బిళ్ళలు మిగిలాయి. అడిగితే "మోకాలు సలుపుతాదిరా, నానేటి సేసేది" అన్నారు. సార్, దీనికి బదులు ఏం వేసుకోవచ్చు?

రాజాం మత్తుడాక్టర్:

పారాసెటమాల్ ఒక్కటే ఉన్నది, ఏ కలయికా లేనిది. రోజుకి ఎన్ని అనేది మీ కిడ్నీ డాక్టర్‌నే అడుగు, మోకాలి వ్యాయామం, పై నుంచి కాపడం. చెట్టెక్కడం మానిపించగలవా అని అడగను, మా నాన్నతో నావల్ల కాలేదు. ఆ నాలుగు బిళ్ళలు మాత్రం మళ్లీ జేబులోకి వెళ్లనివ్వకు.